కొండకొమ్మున మొలకకి ఏది మేలు: పెద్ద గింజా, చిన్న గింజా?

గింజంటే తల్లి మొక్క కట్టిచ్చిన దారిబత్తెం. ఆకు విచ్చుకుని తన తిండి తాను వండుకునేదాకా మొలకకి ఆ మూటే దిక్కు. చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాక, అంటే ఆల్పైన్ మండలంలో, మూటలో ఏం కట్టాలన్నది చావుబతుకుల లెక్క. 1000 మీటర్లు ఎక్కితే గాలి సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. మంచు కరిగి మళ్లీ కురిసేలోపు దక్కేది రెండు మూడు నెలలే.

ముందు సైజు సంగతి. చిన్న గింజలు ఎక్కువ కాయొచ్చు, గాలికి దూరం పోతాయి, రాళ్ల సందుల్లో ఇమిడిపోతాయి. కానీ చలిరాత్రి తడిమట్టిలో మంచు సూదుల్లా పైకి లేస్తుంది. వెంట్రుకంత వేరున్న మొలకని మట్టితో సహా ఎత్తేస్తుంది. పొద్దెక్కి ఆ సూదులు కరిగేసరికి వేరు బయటపడి మొలక పక్కకి ఒరిగి ఉంటుంది. ఇక బతకదు. వేరు త్వరగా లోతుకి దిగాలంటే లోపల సరుకుండాలి కాబట్టి నా ఓటు పెద్ద గింజకే. స్విట్జర్లాండ్ ఆల్ప్స్‌లో దగ్గరి చుట్టాలైన జాతుల్ని జతలుగా పోల్చి 2005లో వెలువడిన అధ్యయనంలోనూ పైనుండే జాతుల గింజలే బరువు తూగాయి. తమాషా ఏంటంటే, ఒకే జాతిని కిందా పైనా పోలిస్తే మాత్రం అలాంటి తేడా తేలలేదు. నాకైతే ఇది వింతనిపించదు. అక్కడ పిల్లకి పెద్ద మూట అవసరమే, కానీ తల్లిదీ చాలీచాలని బతుకే. చలి ముందే ముంచుకొస్తే గింజ నిండకుండానే సీజన్ అయిపోతుంది.

సరుకులో పిండి మేలా, నూనె మేలా? గ్రాము పిండిలో 4 కిలోకేలరీలుంటే నూనెలో 9. బరువు పెంచకుండా బలం కావాలంటే నూనే. అందులోనూ రకం ముఖ్యం. సంతృప్త కొవ్వు తయారీకి ఖర్చు తక్కువ, శక్తి కాస్త ఎక్కువ. కానీ సంతృప్త రకమైన పామిటిక్ ఆమ్లం కరగాలంటే 63 డిగ్రీల వేడి కావాలి, అసంతృప్త రకమైన లినోలెనిక్ ఆమ్లం మైనస్ 11 దగ్గరే కరుగుతుంది. గింజలో ఇవి కలిసి నూనెగా ఉంటాయి గనక అంకెలు మారతాయి, ధోరణి అదే. గడ్డకట్టిన కొవ్వుని ఎంజైములు తొందరగా విడగొట్టలేవు. చల్లటి నేలలో త్వరగా మొలవాలంటే అసంతృప్త నూనెలే నయం, కాకపోతే అవి త్వరగా ముక్కిపోతాయి.

నన్నడిగితే అసలు చూడాల్సింది నైట్రోజన్, ఫాస్ఫరస్. శక్తినైతే ఆకు వచ్చాక ఎండ నుంచి తెచ్చుకోవచ్చు, వీటిని నేలే ఇవ్వాలి. కుళ్లిన సరుకు నుంచి వీటిని విడదీసిచ్చేది సూక్ష్మజీవులే, చల్లటి మట్టిలో వాటి పని నత్తనడక. అందుకే గింజలో ప్రొటీన్‌గా దాచిన నైట్రోజన్, ఫైటేట్‌గా దాచిన ఫాస్ఫరస్ మొదటి వారాల్లో ప్రాణం నిలబెడతాయి.

ఇదంతా వద్దనుకున్న మొక్కా ఉంది. బిస్టోర్టా వివిపారా అనే ఆ మొక్క కంకి కింది భాగంలో పూలకి బదులు పిండి నిండిన బుల్బిల్స్, అంటే రాలిపడి కొత్త మొక్కలయ్యే బుల్లి దుంపల్లాంటి మొగ్గలు, కాస్తుంది. పరాగం కోసం తేనెటీగల వెంట పడక్కర్లేదు, కాకపోతే పిల్లలన్నీ తల్లికి నకళ్లే. కొన్నైతే తల్లి మీద ఉండగానే ఆకు తొడిగేస్తాయి.