ఇడ్లీనా పెసరట్టా, చేపా కోడా: ఆపరేషన్ తర్వాత ఏది ముందు?

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నామని తెలిస్తే అందరూ అడిగేది "ఎన్ని కిలోలు తగ్గావు?" అని. చేయించుకున్నవాళ్లం ఒకరినొకరం అడిగేది వేరు: "అన్నం మొదలుపెట్టావా? పడిందా?"

నాది స్లీవ్ అనే రకం ఆపరేషన్. పొట్టలో ముప్పావు వంతుకు పైగా తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత సన్నటి గొట్టంలా ఉంచుతారు. మా వదినకి సుగర్ ఎక్కువ కాబట్టి బైపాస్ చేశారు, గుండెకి కాదు, పొట్టకి. ఆవిడకి మిగిలిన సంచి సుమారు 30 మి.లీ., అంటే రెండు పెద్ద చెంచాలు. తిన్నది చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండా నేరుగా కిందికి పోతుంది. డైటీషియన్ మాత్రం ఇద్దరికీ ఒకే వరస చెప్పింది. రెండు వారాలు ద్రవాలు, ఇంకో రెండు వారాలు గుజ్జు, తర్వాత మెత్తటి తిండి, రెండు నెలలు దాటాక మామూలు తిండి. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ తప్పనిసరి. ఇష్టమైనవాటిలో దేన్ని ముందు తినాలన్నది ఆ కాగితంలో లేదు. అది మేం తిని, కక్కి నేర్చుకున్నాం.

ఇడ్లీ, పెసరట్టు

నాలుగు వారాలు దాటగానే నా చూపు ఇడ్లీ మీద పడింది. జ్వరం వచ్చినా ఇడ్లీయే పెట్టే ఇల్లు మాది. వేడి ఇడ్లీని కాస్త పల్చటి సాంబారులో మెదిపి తింటే హాయిగా దిగింది. అరగంటకి సగం ఇడ్లీ. కానీ లెక్క చూసుకుంటే సగం ఇడ్లీలో ఒక గ్రాము ప్రొటీనే. ఉన్న కాస్త చోటూ పిండితో నిండిపోయింది.

30 గ్రాముల పెసలతో వేసిన అట్టులో సుమారు 7 గ్రాములుంటుంది. అయితే కరకరలాడేట్టు కాల్చి, పైన అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ చల్లి, లోపల ఉప్మా కూరి తినే అట్టు కాదు. పొట్టుతీసిన పెసరపప్పు నానబెట్టి, కొంచెం మందంగా, మూత పెట్టి మెత్తగా కాల్చింది. మొదటిరోజు పావు అట్టుకే చాలనిపించింది.

మొదటి వారానికి ఇడ్లీకే నా ఓటు, భయం పోవడానికి. ఆ తర్వాత పెసరట్టే. మొదట్లో సులువుగా దిగేదే మనకు మేలు చేస్తుంది. నెలలు గడిచాక అదే సులువు మన మీదకి తిరుగుతుంది. ఆ సంగతి చేగోడీల దగ్గర చెప్తాను.

అన్నం

అన్నంతో తొందరపడకండి. నమలకుండా మింగితే మెతుకులు ముద్దకట్టి అడ్డం పడతాయి. నాకు రెండున్నర నెలలప్పుడు రెండో ముద్దకే రొమ్ములో రాయి పెట్టినట్టయింది, నోట్లో నురగ ఊరింది, చివరికి వాంతి. ఒకసారైతే ఫర్వాలేదు. రోజూ వాంతులవుతుంటే సర్దుకుంటుందిలే అని కూర్చోకుండా డాక్టరుకి చెప్పాలి. బి1 విటమిన్ పడిపోతే నరాలకే ముప్పు.

చారన్నమా, పెరుగన్నమా, పప్పన్నమా అని మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. చారన్నం జారిపోతుందని మా అత్తయ్యగారి వాదన. జారిపోవడమే అసలు గొడవ. ద్రవంతో కలిసింది పొట్టలో నిలవదు, గంటకే మళ్లీ ఆకలి. తిన్నాక అరగంట దాకా మంచినీళ్లు కూడా తాగొద్దన్నది అందుకే. భోజనం చివర గ్లాసుడు మజ్జిగ తాగే అలవాటు మానడానికి నాకు ఆపరేషన్ కన్నా ఎక్కువ కష్టమైంది. పెరుగన్నం మెత్తన, చల్లన, కానీ ఒట్టి పెరుగు తింటే చోటు దండగ కాదు కదా. నాకు కుదిరింది ముద్దపప్పు. ముందు పప్పు నాలుగు చెంచాలు, తర్వాత కూర, చోటు మిగిలితే ఒక చెంచా అన్నం. ఇప్పుడు నేను పప్పులో అన్నం నంచుకుంటాను.

చేపా, కోడా

దీన్లో సందేహమే లేదు, ముందు చేప. ముళ్లు తీసిన కొర్రమీను పులుసు ముక్క చెంచాతో నొక్కితే విడిపోతుంది. పులుసులో కారం, చింతపండు సగానికి తగ్గించమని చెప్పాలి, అంతే. కోడిలో ప్రొటీన్ ఎక్కువే, కానీ బ్రెస్ట్ ముక్క వండాక పీచులా ఎండిపోయి గొంతు దిగదు. మాలో ఎక్కువమందిని ఏడిపించింది అదే. కోడి తినాలంటే కైమా కొట్టించి తడిగా వండుకోండి. నాటుకోడి నాకు ఏడో నెలలో పడింది. ఒక్క ముక్క, పది నిమిషాలు నమిలాను.

మేముండేది హైదరాబాద్‌లో కాబట్టి ఇంకో పోటీ కూడా ఉంది: బిర్యానీ, హలీమ్. ఇందులో ఆశ్చర్యంగా హలీమే గెలిచింది. మాంసం, గోధుమ, పప్పు గంటల తరబడి ఉడికి, నలిగి వస్తాయి. మన పని వంటవాడే చేసేశాడన్నమాట. పైన తేలే నెయ్యి పక్కకి తీసేసి నాలుగు చెంచాలు తిన్నాను. బిర్యానీలో పొడిపొడి మెతుకులు, గట్టి ముక్క, నూనె, మసాలా, అన్నీ ఒకేసారి పరీక్ష పెడతాయి. ఏడాది నిండాక తినడం మేలు. అప్పుడైనా ముందు ముక్క.

తీపి దగ్గర ఇద్దరి దారులూ వేరు

ఒక గృహప్రవేశంలో నేనూ వదినా చెరో సగం పూతరేకు తిన్నాం. నాకేం కాలేదు. వదినకి పావుగంటలో గుండెదడ, చెమటలు, కడుపులో మెలి. "చచ్చిపోతానేమోనే" అంటూ పక్కగదిలో పడుకుంది. డంపింగ్ అంటారు దీన్ని. చక్కెర ఒక్కసారిగా పేగులోకి పడితే ఒంట్లోని నీళ్లు అక్కడికి పరిగెడతాయి. కొందరికి గంట, రెండు గంటల తర్వాత సుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. స్లీవ్‌వాళ్లకీ రావొచ్చు, బైపాస్‌వాళ్లకి ఎక్కువ. ఇప్పుడు వదిన భోజనమయ్యాక రెండు బంగినపల్లి ముక్కలు కొరుక్కు తింటుంది. రసం తీసిన మామిడి జోలికి పోదు.

ఆ రోజు నాకేం కాలేదని గర్వపడ్డాను. తర్వాత చూస్తే లాభపడింది వదినే. ఆవిడని శరీరమే ఆపుతోంది, నన్ను ఆపేవాళ్లు లేరు.

ఇక చేగోడీలు

రెండో ఏడు మొదట్లో నా బరువు 4 కిలోలు పెరిగింది. భోజనం మూడు ముద్దలే, మరి ఎక్కణ్నుంచి? టీవీ ముందు డబ్బాలోంచి. చేగోడీలు, జంతికలు నోట్లో పొడైపోయి, గొట్టంలో ఆగకుండా జారిపోతాయి. కోడిముక్క రెండు తింటే నిండిపోయే పొట్టలో డబ్బాడు చేగోడీలు పడతాయి. ఐస్‌క్రీమూ అంతే. ఆపరేషన్ కొత్తల్లో దిగని వస్తువంటే భయపడ్డాను, ఇప్పుడు నా భయం ఇట్టే దిగిపోయేవాటితోనే.

చేగోడీలా, మిర్చి బజ్జీనా అంటే, నేను బజ్జీ అంటాను. వినడానికి తప్పుగానే ఉంటుంది. కానీ వేడి బజ్జీ ఒకటి తినేసరికి బరువుగా ఉండి చేయి ఆగుతుంది. డబ్బా అలా ఆపదు.

మా అత్తయ్యగారు డబ్బాని అటక మీద పెట్టారు. నాకు స్టూలు ఎక్కడ ఉందో తెలుసు, కానీ మోకాళ్లు బాగుపడ్డాయని ఆవిడకింకా చెప్పలేదు.