ఎన్‌పీఎస్ ఛార్జీలు: స్టేట్‌మెంట్‌లో కనిపించేవి, కనిపించనివి

హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీ ఉద్యోగిగా కార్పొరేట్ ఎన్‌పీఎస్‌లో, అంటే కంపెనీ ద్వారా జాతీయ పెన్షన్ పథకంలో, చేరి పదేళ్లు దాటింది. రాబడుల గురించి చాలామంది రాశారు కనుక ఈ సమీక్షను ఖర్చులకే పరిమితం చేస్తున్నాను. పదవీ విరమణ కోసం దాచుకునే మార్కెట్ ఆధారిత పథకాల్లో ఇంత తక్కువ ఖర్చుతో నడిచేది నాకు మరొకటి కనిపించలేదు. ఆ ఖర్చు మొత్తం ఎంతో చందాదారుకు తెలియజేయడంలో మాత్రం ఈ పథకం సగం దూరమే వచ్చింది.

చిన్న ఛార్జీలకు వంక పెట్టలేము. ఖాతా నిర్వహణ ఛార్జీని మూడు నెలలకోసారి యూనిట్ల రూపంలో తీసుకుంటారు. స్టేట్‌మెంట్‌లో ‘బిల్లింగ్’ అన్న పద్దు కింద ఈక్విటీ, కార్పొరేట్ బాండ్లు, ప్రభుత్వ సెక్యూరిటీల నుంచి ఏ తేదీన, ఏ ఎన్‌ఏవీకి (ఒక్కో యూనిట్ విలువకు), ఎన్ని యూనిట్లు కోశారో నాలుగు దశాంశ స్థానాల దాకా ఉంటుంది. 2025 అక్టోబరు నుంచి ప్రైవేటు ఉద్యోగులకు ఈ ఛార్జీ నిధిని బట్టి మారింది: 2 లక్షలు దాటి 10 లక్షల లోపు ఉంటే ఏడాదికి గరిష్ఠంగా 150 రూపాయలు, 50 లక్షలు దాటితే 500, జీఎస్టీ అదనం.

ఫండ్ మేనేజర్ రుసుము అలా కాదు. దాన్ని ఎన్‌ఏవీ ప్రకటించక ముందే మినహాయిస్తారు. 2021లో తెచ్చిన శ్లాబుల్లో గరిష్ఠ రేటు 0.09 శాతంగా ఉండేది, ఆ లెక్కన 10 లక్షల నిధిపై ఏడాదికి 900 రూపాయలు. 150 రూపాయలకు పద్దు రాసే స్టేట్‌మెంట్‌లో, దానికి ఆరు రెట్లున్న ఈ మొత్తం రూపాయల్లో ఎక్కడా కనిపించదు.

నన్ను బాగా విసిగించింది మధ్యవర్తి సంస్థ, అంటే పీవోపీ (పాయింట్ ఆఫ్ ప్రెజెన్స్), తీసుకునే కమీషన్. జీతం స్లిప్పులో కోసిన మొత్తానికీ ఖాతాలో జమైన మొత్తానికీ కొద్దిపాటి తేడా ఎందుకు వస్తోందని అడిగితే, హెచ్‌ఆర్ వారు పీవోపీని అడగమన్నారు, పీవోపీ వారు కంపెనీతో ఒప్పందం చూసుకోమన్నారు. రేటు కుదుర్చుకున్న ఆ ఒప్పందం ఉద్యోగి చేతికి రాదు. కొత్తగా చేరేవారు ఆ రేటెంతో, దాన్ని భరించేది కంపెనీయో తామో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

మ్యూచువల్ ఫండ్లలో పంపిణీదారుకు ముట్టిన కమీషన్‌ను అర్ధ సంవత్సర స్టేట్‌మెంట్‌లో రూపాయల్లోనే చూపాలని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2016లోనే ఆదేశించింది. పెన్షన్ విషయంలో దాని నియంత్రణ సంస్థ పీఎఫ్‌ఆర్‌డీఏ ఇంకొంచెం ముందుకెళ్లి, ఫండ్ రుసుముతో సహా ఏడాది ఖర్చంతా ఒకే వరుసలో రూపాయల్లో ఇప్పించాలని నా కోరిక. చివర్లో కొనే యాన్యుటీకీ, అంటే పదవీ విరమణ తర్వాత క్రమంగా పెన్షన్ ఇచ్చే బీమా పాలసీకీ, అదే వర్తించాలి. బీమా కంపెనీ ఇచ్చే రేటే అక్కడ కనిపిస్తుంది తప్ప, అందులో దాని ఖర్చు ఎంతో విడిగా చెప్పరు.