పదిహేను అడుగుల ఎత్తున వేలాడి వచ్చాక రాస్తున్న హార్నెస్ రివ్యూ

ఇది జింకల వేటకి చెట్టెక్కి కూర్చునేవాళ్లు కింద పడకుండా ఒంటికి బిగించుకునే పట్టీలు, అంటే ఫుల్ బాడీ హార్నెస్ గురించి. మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, కాబట్టి ఊళ్లో ఉన్నవాళ్లెవరూ ఇది చదివి ఆర్డర్ పెట్టక్కర్లేదు. నేనుండేది అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో. ఇక్కడ నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు తుపాకీతో జింకల సీజన్. లైసెన్సు ఉండాలి, నడుం పైన వేసుకునే బట్టల్లో కనీసం సగం కళ్లు జిగేల్‌మనే నారింజ రంగో గులాబీ రంగో ఉండాలి. మాడిసన్ నుంచి రెండు గంటలు పైకి వెళ్తే మా ఆఫీసు పెద్దాయన వాళ్ల పొలం, దాని వెనక అడవి. మూడేళ్లుగా అక్కడికే వెళ్తున్నా.

కంపెనీ పేరు రాయట్లేదు. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, వాళ్లతో గొడవ నాకెందుకు. అయినా ఈ రేటులో దొరికే హార్నెస్‌లన్నిట్లో చూసుకోవాల్సినవి ఇవే.

వేట అనగానే మనవాళ్లు అడిగేది ఎలుగుబంటి గురించి. వచ్చిందా, చూశావా, భయం వేయలేదా అని. మూడేళ్లలో నేను ఒక్క ఎలుగుని కూడా చూడలేదు. నన్ను చంపబోయింది నిచ్చెన. ఇక్కడ 1973 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లందరికీ లైసెన్సు కావాలంటే ముందు సేఫ్టీ క్లాసు తప్పనిసరి, ఆ క్లాసులో తుపాకీ తర్వాత ఎక్కువసేపు చెప్పింది చెట్టు మీద నుంచి పడటం గురించే. నేను మాత్రం వెనక బెంచీలో కూర్చుని ఎలుగుబంటి చాప్టర్ ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నా.

మొదటి రెండేళ్లు వాడింది లాడర్ స్టాండ్ డబ్బాలో ఫ్రీగా వచ్చిన హార్నెస్. స్టాండ్ అంటే చెట్టుకి ఆనించి కట్టే ఇనుప నిచ్చెన, పైన ఒక చిన్న సీటు, కాళ్లు పెట్టుకోవడానికి ప్లాట్‌ఫారం. ఫ్రీ హార్నెస్ అంటే ఒట్టి పట్టీలే. పగలు హాల్లో లైటు కింద వేసుకుంటే బానే ఉంటుంది. తెల్లవారుజామున ఐదింటికి, మైనస్ చలిలో, లావు జాకెట్ మీద వేసుకోబోతే ఏ పట్టీ భుజానిదో ఏది తొడదో తెలిసి చావదు, జంతికల గొట్టంలోంచి ఊడిపడ్డ పిండిలా చేతిలో ముద్ద. రెండో ఏడాది ఒకరోజు విసుగొచ్చి దాన్ని బ్యాగులోనే వదిలేసి ఎక్కేశా. నాలుగు గంటలు కదలకుండా కూర్చుని దిగేటప్పుడు కాళ్లు తిమ్మిరెక్కి, కింద నుంచి నాలుగో మెట్టు దగ్గర పాదం పెట్టాననుకున్నా, పెట్టలేదు. మంచు మీద వెల్లకిలా పడ్డా. దెబ్బేమీ తగల్లేదు గానీ ఆ వారమే ఈ కొత్తది కొన్నా, నూట పది డాలర్లు పోసి. అదే జారుడు పై నుంచి నాలుగో మెట్టు దగ్గర అయి ఉంటే ఈ రివ్యూ ఉండేది కాదు.

కొత్తది చొక్కాలా ఉంటుంది. పట్టీలన్నీ లోపల కుట్టేసి ఉంటాయి, చేతులు దూర్చి ముందు బకిల్ పెట్టి తొడల చుట్టూ రెండు బిగిస్తే అయిపోయింది. చీకట్లో, గ్లౌజులతో, ఒక నిమిషంలో. ఈ ఒక్కదానికే ఆ రేటు పెట్టొచ్చు, ఎందుకంటే వేసుకోవడం కష్టంగా ఉన్నది ఏదో ఒకరోజు బ్యాగులోనే ఉండిపోతుంది. నా సంగతి చూశారుగా.

దీనితో పాటు లైఫ్‌లైన్ అని ఒక తాడు విడిగా కొన్నా. స్టాండు పైన చెట్టుకి కట్టి కింద నేల దాకా వదిలే తాడు, దాని మీద ప్రుసిక్ అనే ముడి ఉంటుంది. చేత్తో పట్టి తోస్తే పైకీ కిందకీ జరుగుతుంది, ఒక్కసారి బరువు పడితే బిగుసుకుపోతుంది. హార్నెస్ వీపు మీద, మెడ కింద నుంచి వచ్చే పట్టీని దీనికి తగిలించి ముడిని తల పైకి తోసుకుంటూ ఎక్కాలి. చాలామంది పైకెళ్లి కూర్చున్నాక తగిలించుకుంటారు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, నిచ్చెన మీద నుంచి ప్లాట్‌ఫారం మీదకి అడుగు మార్చేటప్పుడే ఎక్కువ పడతారు, అప్పుడేమో వాళ్లకి ఏదీ తగిలించి ఉండదు.

పోయిన నవంబరులో నేను పడింది కూడా సరిగ్గా ఆ అడుగు మార్చేటప్పుడే. రాత్రంతా మంచు కురిసి ప్లాట్‌ఫారం జాలీ మీద తెల్లగా గాజు పొరలా గట్టిపడి ఉంది, హెడ్‌లైట్ వెలుగులో మెరుస్తుంటే బాగుంది కదా అని కూడా అనుకున్నా, మొహం మండ. కుడికాలు పెట్టా, ఎడమకాలు ఎత్తా, కుడికాలు లేదు. కెవ్వుమనే టైము కూడా లేదు. వీపు మీద ఎవరో చొక్కా పట్టుకుని గుంజినట్టు ఒక్క కుదుపు, పళ్లు టక్కుమని కొట్టుకున్నాయి, టోపీతో సహా హెడ్‌లైట్ ఊడి కింద పడింది. పడి ఆరిపోలేదు. కింద మంచులో వెల్లకిలా పడి పైకి వెలుగు కొడుతోంది, ఆ వెలుగులో నా రెండు బూట్లూ, వాటి కింద ఖాళీ.

ఇక్కడిదాకా హార్నెస్‌కి ఐదుకి ఐదు. ముడి నేను తల పైకే తోసి ఉంచడం వల్ల రెండడుగులకి మించి పడలేదు, కుట్టు ఒక్కటి కూడా చెదరలేదు.

అసలు కథ ఆ తర్వాత. పట్టీ వీపు వైపు ఉంటుంది కాబట్టి వేలాడగానే మనిషి తిరిగిపోతాడు. చెట్టు నా వెనక, నిచ్చెన కూడా వెనకే, ఎదురుగా చీకటి. కాలు వెనక్కి తన్ని మెట్టు అందుకుందామంటే బూటు మడమ ఇనుముకి తగిలి జారుతోంది. తొడ పట్టీలు కోసుకుపోతున్నాయి. లావు జాకెట్ కదా అని ఒక సైజు పెద్దది కొన్నా, అది నా తెలివి. కుదుపుకి మొత్తం పైకి జరిగి ఛాతీ పట్టీ గడ్డం కిందకొచ్చి కూర్చుంది. ఫోన్ జాకెట్ లోపలి జేబులో, ఆ జేబు మీద హార్నెస్. చెయ్యి దూరదు. చలికి బ్యాటరీ పోతుందని ఒంటికి దగ్గరగా పెట్టుకున్న ఫోను, అరచేతి దూరంలో ఉండి అందలేదు.

కింద పడలేదు కదా, వేలాడుతూ ఎవరైనా వచ్చేదాకా ఉండొచ్చు అనుకునేరు. కుదరదు. కాళ్లు కదలకుండా వేలాడితే తొడ పట్టీల ఒత్తిడికి రక్తం పైకి రాక కాళ్లలోనే నిలిచిపోతుంది, తల తిరుగుతుంది, స్పృహ పోతుంది, ప్రాణం మీదకి కూడా వస్తుంది. అందుకే మంచి హార్నెస్‌లో సస్పెన్షన్ రిలీఫ్ స్ట్రాప్ అని ఒకటి ఇస్తారు. పెద్ద గొప్పదేం కాదు, హార్నెస్‌కి తగిలించి కింద పాదం పెట్టుకోవడానికి ఒక పట్టీ ఉంగరం. అందులో కాలు పెట్టి లేచి నిలబడితే తొడల మీద బరువు పోతుంది.

ఇచ్చారు, కాదనను. ఎక్కడ పెట్టారో తెలుసా? పక్కన చిన్న సంచీలో, ఆ సంచీకి వేలిగోరంత జిప్పు. గ్లౌజుతో పట్టుకోలేను. పళ్లతో గ్లౌజు లాగి ఉమ్మేసి, మొద్దుబారిన వేళ్లతో నాలుగైదు సార్లు జారవిడిచి, ఐదో సారో ఆరో సారో తెరిచా. దీన్ని డిజైన్ చేసినాయన ఏసీ రూములో కుర్చీలో కూర్చుని చేశాడని నా ప్రగాఢ నమ్మకం. పట్టీలో కాలు పెట్టి లేచి నిలబడ్డాక తొడల్లోకి సూదులు గుచ్చినట్టు రక్తం దిగింది. అప్పుడు తిరిగి నిచ్చెన పట్టుకున్నా. మొత్తం ఆరేడు నిమిషాలై ఉంటుంది. తుపాకీ గుండ్లు లేకుండా కిందే ఉంది, పైకెళ్లాక తాడుతో లాక్కోవడానికి కట్టి ఉంచా. భుజాన వేసుకుని ఎక్కే అలవాటు ఉండి ఉంటే ఆ కుదుపులో అది ఎటు తిరిగేదో ఇప్పటికీ ఆలోచించదల్చుకోలేదు.

ఆ రాత్రి నాయినకి వీడియో కాల్‌లో చెప్పా. చెప్పకూడదనే అనుకున్నా, ఆగలేదు. మా తాత నల్లగొండ దిక్కు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు, మోకు (చెట్టెక్కడానికి నడుముకీ చెట్టుకీ చుట్టే తాడు), ముస్తాదు (గీత సామాను) మా ఇంట్లో దూలానికి చాలా ఏళ్లు వేలాడాయి. నాయిన తిడతాడనుకుంటే మొదట అడిగింది, "తలకాయ మీదికున్నదా కిందికున్నదా?" అని. మోకు జారి చెట్టు మీద తలకిందులుగా వేలాడిన గీత కార్మికుల వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం, ఆయనకి ముందు అదే గుర్తొచ్చింది. రెండో ప్రశ్న, "ఎక్కేముందు గుంజి సూసినవా?" తాత రోజూ పొద్దున చెట్టు మొదట్లో నిలబడి మోకు బిగించి ఒళ్లంతా వెనక్కి వేసి ఒకసారి లాగేవాడట, ఎక్కడం ఆ తర్వాతే. నేనేమో మూడు వారాలు గ్యారేజీలో పడి ఉన్నదాన్ని దులిపి వేసుకుపోయా. ఇప్పుడు నేనూ నిచ్చెన కింద ముడి మీద బరువు వేసి కాసేపు వేలాడి చూసుకుని ఎక్కుతున్నా, మా పెద్దాయన వింతగా చూస్తాడు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకి వాళ్ల దేవుడు కాటమయ్య పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, వాటిలోనూ తాడూ హార్నెస్సూ ఉన్నాయి. సరదాకి ఏడాదికి తొమ్మిది రోజులు ఎక్కే నాకు నూట పది డాలర్ల హార్నెస్ ఉంది, రోజుకి ఇన్ని చెట్లని బతుకుదెరువుకి ఎక్కిన మా తాతకి మోకు తప్ప ఏమీ లేదు. ఈ మాట నాయిన అనలేదు, నాకే అనిపించింది.

కస్టమర్ కేర్ సంగతి. జిప్పు గురించి మెయిల్ రాస్తే మాన్యువల్ చదవమని జవాబొచ్చింది, సరే. చదివితే ఒకసారి పడ్డాక ఆ హార్నెస్ మళ్లీ వాడొద్దని ఉంది, పడకపోయినా ఐదేళ్లకి మార్చేయాలట. ఇది నిజంగా పాటించాల్సిందే, కుట్టు బయటికి బాగానే కనిపిస్తుంది గానీ లోపల ఏమైందో మనకి తెలియదు. నేను పడ్డ ఆ హార్నెస్‌ని కత్తెరతో ముక్కలు చేసి పారేశా, చెత్తలోంచి ఇంకెవరైనా తీసి వాడకుండా.

ఇంక చిన్నవి: రంగు ముదురు ఆకుపచ్చ, పైన నారింజ చొక్కా వేసుకుంటే వీపు పట్టీ బయటికి తీయడానికి దానికి చీలిక పెట్టించుకోవాలి. ఛాతీ జేబులు పెద్దవి. కదిలితే చప్పుడు రాదు. బరువు మరీ ఎక్కువ కాదు.

ఐదుకి నాలుగు ఇస్తున్నా, పోయిన ఆ ఒక్కటీ జిప్పుకి. మళ్లీ అదే మోడల్ ఆర్డర్ పెట్టా, ఈసారి ఒక సైజు తక్కువ. కొనేవాళ్లు జాకెట్ వేసుకుని తొడ పట్టీ బిగించి చూడండి, పట్టీకీ తొడకీ మధ్య అరచెయ్యి బల్లపరుపుగా దూరాలి, పిడికిలి దూరితే పెద్దదైనట్టే. రిలీఫ్ పట్టీని ఆ సంచీలోంచి తీసి ముందు జేబులో పెట్టుకోండి. ఫోను కూడా.