టాక్ షో అతిథికి డబ్బులివ్వడమా, ఊరికే పిలవడమా: ఏది మేలు?

పెద్ద సినిమా విడుదలయ్యే వారం వచ్చిందంటే నన్ను ఎవరో ఒకరు అడుగుతారు: "టాక్ షోకి వచ్చినందుకు స్టార్లకు ఎంతిస్తారు?" ప్రచారానికి వచ్చేవాళ్లకు చాలా చోట్ల ఏమీ ఇవ్వరు, ఇచ్చినా నామమాత్రమే. ప్రచారానికి రావాలని సినిమా ఒప్పందంలోనే రాసుకుంటారు కాబట్టి ఆ గంట కూడా వాళ్ల పనిలో భాగమే. కాఫీ విత్ కరణ్‌లో ర్యాపిడ్ ఫైర్ గెలిస్తే ఇచ్చే హ్యాంపర్‌నో, హోటల్ గదినో నేను పారితోషికంగా లెక్కపెట్టను.

నన్ను పట్టి పీడించే ప్రశ్న వేరే: ఏం అడగాలో ఎవరు తేలుస్తారు? ఊరికే వచ్చిన అతిథికి షో బాకీ పడుతుంది. "విడాకుల మాట ఎత్తొద్దు, ఆ పాత కేసు అడగొద్దు" అని మేనేజర్ ముందే చెబుతాడు. కాదంటే మళ్లీ రారేమోనని షోవాళ్ల టెన్షన్. అందుకే షూటింగ్‌లో కాలు జారి పడ్డ కథే మూడు షోల్లో వింటాం. అదే చోట ఆగుతారు, అదే చోట నవ్వుతారు. ఆ తర్వాత ట్రైలర్.

భారీగా డబ్బిచ్చి కూర్చోబెట్టడం దీనికి పూర్తిగా ఎదురు. 1977లో ప్రసారమైన ఇంటర్వ్యూల కోసం బ్రిటిష్ టీవీ హోస్ట్ డేవిడ్ ఫ్రాస్ట్, వాటర్‌గేట్ కుంభకోణంతో రాజీనామా చేసిన అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్‌కు 6 లక్షల డాలర్లు ఇచ్చాడు. డబ్బిచ్చి మాటలు కొంటారా అని చాలామంది దుమ్మెత్తిపోశారు. కానీ ఎడిటింగ్ మీద నిక్సన్‌కు ఏ హక్కూ లేదు. 28 గంటలకు పైగా రికార్డు చేశారు. దేశాన్ని నిరాశపరిచానని ఆయన నోటితోనే ఒప్పుకున్నది అక్కడే. అయినా ఈ దారి నాకు నచ్చదు. అంత పోసినవాళ్లు దానికి తగ్గ సంచలనం కోసం చూస్తారు, అతిథి కూడా లేనిది కల్పించి చెప్పే ప్రమాదం ఉంది.

నాకు నచ్చేది మధ్య దారి. అమెరికాలో నటుల యూనియన్ కనీస రేటు అని ఒకటుంది. ఆ రేటు ప్రకారం 1961 నాటికి టాక్ షో హోస్ట్ జాక్ పార్ షోలో అతిథికి దక్కేది 320 డాలర్లు. తన షోలో వేలల్లో తీసుకునేవాళ్లే అక్కడ 320కి కూర్చుంటున్నారని మరో టీవీ షో హోస్ట్ ఎడ్ సల్లివన్‌కు ఒళ్లు మండింది. పార్ దగ్గర 320 తీసుకున్నవాళ్లకు నేనూ అంతే ఇస్తానని ప్రకటించాడు. సల్లివన్ కోపం నాకు అర్థమవుతుంది గానీ, నా మనసు పార్ సోఫా వైపే. కనీస రేటు ఉన్నంత మాత్రాన మేనేజర్ షరతులు మాయం కావు, నిజమే. ఫ్రాస్ట్ లాగా ఎడిటింగ్ షో చేతిలోనే ఉంచుకుని, అందరికీ ఒకే చిన్న మొత్తం ఇస్తే మాత్రం ఎవరూ ఎవరికీ బాకీ ఉండరు. పైగా, అమ్ముకోవడానికి సినిమా ఏదీ లేని కొత్త కమెడియన్‌కు ఆ రాత్రి పనికి కూలి దక్కుతుంది.