యాంగ్జైటీ, డిప్రెషన్ కలిసొచ్చిన చార్ట్: ఎఫ్41.8 ఒక్కటా, రెండు కోడ్లా, ఏది మేలు?

మెడికల్ కోడింగ్‌లో, అంటే డాక్టర్ రాసిన జబ్బుల్ని కోడ్లుగా మార్చే పనిలో, పేషెంట్ చార్ట్‌లోని అసెస్‌మెంట్‌లో (డాక్టర్ జబ్బులు తేల్చి రాసే భాగంలో) ఒక లైన్‌లో యాంగ్జైటీ, దాని కింద డిప్రెషన్ అని ఉంటే ఎఫ్41.8 (ఇతర రకాల యాంగ్జైటీ జబ్బుల కోడ్) ఒక్కటి వేస్తే సరిపోతుందా, రెండిటికీ విడిగా వేయాలా? శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల రూముల్లో ఉండి సీపీసీ అనే కోడింగ్ సర్టిఫికెట్ పరీక్షకి చదువుతున్నవాళ్లూ, విజయనగరంలో ఇంట్లోనే కూర్చుని అమెరికా చార్ట్‌లు చేస్తున్నవాళ్లూ నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. నా మాట ముందే చెప్పేస్తాను. డాక్టర్ విడిగా రాస్తే విడిగానే వేయండి. రెండూ కలిసిన ఒకే జబ్బుగా రాస్తేనే ఎఫ్41.8.

ఎఫ్41.8 మీద మనసు పోవడానికి కారణం ఉంది. అమెరికాలో వాడే జబ్బుల కోడ్ల పుస్తకం ఐసీడీ-10-సీఎం ఇండెక్స్‌లో యాంగ్జైటీ కింద డిప్రెషన్ అని చూస్తే అక్కడికే తీసుకెళ్తుంది, కోడ్ల వరుస జాబితా అయిన ట్యాబులర్‌లో కూడా మిక్స్‌డ్ యాంగ్జైటీ అండ్ డిప్రెసివ్ డిజార్డర్ అనే మాట దాని కిందే ఉంది. రోజుకి ఇన్ని చార్ట్‌లు అనే టార్గెట్ టెన్షన్‌లో ఉన్నవాళ్లకి ఒక్క కోడ్‌తో పని తేలిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ అదే చోట "తేలికపాటిది లేదా నిలకడగా లేనిది" అన్న అర్థంలో బ్రాకెట్లో రాసి ఉన్నది చాలామంది చదవరు. ఏళ్ల తరబడి డిప్రెషన్‌కి మందులు వాడుతూ, దానికి తోడు వేరేగా యాంగ్జైటీకి కూడా ట్రీట్‌మెంట్ తీసుకుంటున్న మనిషిని ఆ కోడ్‌లో కూర్చోబెడితే ఆ మనిషి బాధ రికార్డులో సగానికి సగం తగ్గిపోతుంది. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇంకో చిక్కు, గూగుల్‌లో వెతికి ఎఫ్41.2 పట్టుకొచ్చేవాళ్లు. అది ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఐసీడీ-10లో ఈ కలిసిన జబ్బుకి ఉన్న కోడ్, అమెరికా వాడే సీఎం వెర్షన్‌లో లేనే లేదు, వేస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్ రిజెక్ట్ అవుతుంది. మన దగ్గర సైకియాట్రిస్టులు రాసేది మాత్రం అదే కావచ్చు, కాబట్టి ఇక్కడి డిశ్చార్జ్ సమ్మరీలో అది కనిపిస్తే తప్పు అనుకోకండి. పైగా దాని నిబంధన చాలా స్పష్టంగా ఉంటుంది: రెండు రకాల లక్షణాలూ ఉండి, ఏదీ విడిగా జబ్బు అని చెప్పేంత తీవ్రంగా లేనప్పుడే అది. రెండూ గట్టిగా ఉంటే రెండూ రాయాలి, ఒక్కటే రాయగలిగే పరిస్థితి అయితే డిప్రెషన్‌కి ముందు చోటు. ఐసీడీ-11లో ఇదే జబ్బు 6ఏ73 అయి, యాంగ్జైటీ గుంపులోంచి డిప్రెషన్ గుంపులోకి మారింది.

ఇక రెండు కోడ్ల దారి. డాక్టర్ వివరం ఏమీ ఇవ్వకపోతే యాంగ్జైటీకి ఎఫ్41.9, డిప్రెషన్‌కి ఎఫ్32.ఎ. ఈ ఎఫ్32.ఎ 2021 అక్టోబర్ 1 నుంచి వచ్చింది. అంతకుముందు ఊరికే డిప్రెషన్ అని రాసినా ఎఫ్32.9లోకి, అంటే మేజర్ డిప్రెషన్ పేరున్న కోడ్‌లోకి పోయేది. దిగులుగా ఉందని చెప్పిన ప్రతివాళ్లకీ మేజర్ అనే ముద్ర పడటం అన్యాయం కదా, అందుకే ఆ మార్పు నాకు చాలా నచ్చింది. అయినా పాత అలవాటు కొద్దీ ఎఫ్32.9 కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి మానుకోండి.

వివరం ఉంటే ఇంకా మేలు. జనరలైజ్డ్ అంటే ఎఫ్41.1, మేజర్ డిప్రెషన్ మొదటి ఎపిసోడ్, మోడరేట్ అంటే ఎఫ్32.1. రిస్క్ అడ్జస్ట్‌మెంట్ ప్రాజెక్టుల్లో, అంటే పేషెంట్ల జబ్బుల్ని బట్టి ఇన్సూరెన్స్ ప్లాన్‌కి వచ్చే డబ్బు లెక్కగట్టే చోట, దీని విలువ వేరు. అమెరికా మెడికేర్‌ని నడిపే సీఎంఎస్ వాళ్ల వీ28 లెక్కింపు మోడల్‌లో మేజర్ డిప్రెషన్ మోడరేట్, సివియర్ నిలిచాయి, మైల్డ్ పోయింది. ఎఫ్32.ఎకీ ఎఫ్41.8కీ అక్కడ లెక్క లేదు. అందుకని పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళిలో 16 వచ్చింది కదా అని మీరే సివియారిటీ వేసేయకూడదు, డాక్టర్ రోగ నిర్ధారణగా రాయాలి. అవుట్ పేషెంట్ చార్ట్‌లో "ప్రాబబుల్ డిప్రెషన్" అని ఉంటే అదీ వేయకూడదు, రాసిన లక్షణాల దగ్గరే ఆగాలి.

మూడో దారి ఎఫ్43.23, అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్‌లో, అంటే ఏదైనా కష్టం వల్ల వచ్చిన మానసిక ఇబ్బందిలో, యాంగ్జైటీ, డిప్రెషన్ రెండూ కలిసినది. మన దగ్గరి ఉదాహరణతో బేగి అర్థమవుతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. తోట పోయిన రైతుకి ఆ వారాల్లోనే గుండె దడ, నిద్ర లేకపోవడం, ఏడుపు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం మొదలై, అవి ఆ నష్టం వల్లేనని డాక్టర్ తేల్చి రాస్తే ఈ కోడ్. అమెరికా సైకియాట్రిస్టుల రోగ నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం కష్టం వచ్చిన మూడు నెలల్లోపు లక్షణాలు మొదలవ్వాలి. కానీ చార్ట్‌లో భర్త చనిపోయాడనో ఉద్యోగం పోయిందనో కనిపించగానే మనమే ఆ ముడి వేయకూడదు, అదే రైతుకి మేజర్ డిప్రెషన్ కూడా రావచ్చు, తేల్చాల్సింది డాక్టరే.

మరి "యాంగ్జైటీ/డిప్రెషన్" అని మధ్యలో గీత పెట్టి వదిలేస్తే? ముందు పని ఇచ్చిన క్లయింట్ గైడ్‌లైన్ చూడండి, అందులో లేకపోతే క్వెరీ పెట్టండి, అంటే డాక్టర్‌నే రాసి అడగండి. నా ఓటు ఎప్పుడూ క్వెరీకే, ఆ రోజు చార్ట్‌ల లెక్క తగ్గినా సరే. అయితే "ఎఫ్32.1 అని రాస్తారా" అన్నట్టు జవాబు నోట్లో పెట్టకండి, డబ్బు సంగతి అస్సలు ఎత్తకండి. నోట్‌లో ఉన్న లక్షణాలు, స్కోరు, మందు పేరు చూపించి, ఇవి రెండు వేరు జబ్బులా, కలిసిన ఒకటా, ఒత్తిడి వల్ల వచ్చినదా, మరొకటా, చెప్పలేమా అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆ చార్ట్‌ని పెండింగ్‌లోనే ఉంచండి.