కల్లం కాడ కూర్చునే తాతకు ఏ సన్‌స్క్రీన్ కొనాలి?

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా మెడికల్ షాపులో సన్‌స్క్రీన్ అడిగితే ముందు చేతికొచ్చేది జెల్. జిడ్డు ఉండదు, ముఖం తెల్లగా కనిపించదు, కాలేజీ పిల్లలు అదే అడుగుతారు. అరవై దాటినవాళ్లకు మాత్రం జెల్ వద్దు. వయసు మీదపడే కొద్దీ చర్మం పలచబడుతుంది, లోపలి నూనె ఊరడం తగ్గుతుంది. చాలా జెల్‌లలో స్పిరిట్ కలుస్తుంది కాబట్టి పగుళ్ల మీద పడితే మంట, ఆరాక ఇంకా పొడిబారడం. చెమటతో కలిసి ఒక్కసారి కంట్లోకి దిగిందంటే, కంటి ఆపరేషన్ అయిన పెద్దమనిషి మళ్లీ ఆ ట్యూబు ముట్టడు. స్ప్రే కూడా దండగే. గాలికి సగం పోతుంది, మిగిలిన సగంలో కొంత ముక్కులోకి పోతుంది.

తర్వాతి రకం మామూలు లోషన్లు. చర్మానికి హాయిగానే ఉంటాయి. వెనకాల పదార్థాల పట్టీలో అవోబెంజోన్ అని ఉందేమో చూడండి. యూవీఏ కిరణాలను (చర్మం లోతుకు దిగే అతినీలలోహిత కిరణాలను) ఆపడంలో అది మంచిదే, కానీ ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లలో అది అంటిన బట్టలు ఉతికితే తెల్ల చొక్కా కాలరు మీద, ధోవతి అంచున తుప్పు రంగు మరకలు తేలుతాయి. బ్లీచింగ్ వేస్తే ఇంకా ముదురుతాయి, నిమ్మరసం రుద్ది నానబెడితే కొంత వదులుతాయి. తెల్లబట్టలు కట్టే తాతకు ఈ ట్యూబు కొనిస్తే నాలుగో రోజుకే మూలన పడుతుంది.

మా ఓటు జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీముకు. అది యూవీఏనూ, చర్మాన్ని కమిలించే యూవీబీనీ రెండింటినీ ఆపుతుంది, కంట్లో మంట తక్కువ, దురద పుట్టించడమూ అరుదు. లోపం ఒక్కటే, చామనఛాయ మీద బూడిద పూసినట్టు కనిపిస్తుంది. ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేత గోధుమరంగు రకం తీసుకుంటే ఆ బాధ చాలావరకు తీరుతుంది, మంగు మచ్చలున్న ఆడవాళ్లకు అది ఇంకా మేలు. అట్ట మీద ఎస్‌పీఎఫ్ (యూవీబీ నుంచి రక్షణ చెప్పే అంకె) 30కి తగ్గకుండా, పీఏ (యూవీఏ నుంచి రక్షణ చెప్పే గుర్తు) పక్కన కనీసం మూడు ప్లస్సులు ఉండాలి. ఎస్‌పీఎఫ్ 30 యూవీబీని దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం. ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు ధర అడిగితే ఇవ్వక్కర్లేదు. కాకపోతే పలచగా పూసే అలవాటున్నవాళ్లకు 50 కాస్త వెసులుబాటు ఇస్తుంది.

ఆ పలచగా పూయడమే అసలు చిక్కు. అట్ట మీది అంకె చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూసి కొలిచింది. శనగగింజంత తీసి ముఖమంతా రుద్దితే ఆ రక్షణలో చాలా తక్కువే దక్కుతుంది. చూపుడువేలు, మధ్యవేలు మీద మొదలు నుంచి చివరిదాకా రెండు గీతలు, అంటే సుమారు అర టీస్పూను, ముఖానికీ మెడకూ కావాలి. చుక్కలుగా పెట్టి, రుద్దకుండా అద్దుతూ పరచాలి. ముసలివాళ్ల చర్మం రుద్దుడుకు తట్టుకోదు, ముంజేతుల మీద ఊదా మచ్చలు తేలేది అందుకే. చెవుల పైఅంచు, మెడ వెనక, బట్టతల, అరచేతుల వెనక భాగం, పాదాల పైభాగం చాలామంది మరిచిపోతారు. ముందుగా కొబ్బరినూనె రాసి ఉంటే క్రీము జారిపోతుంది. నూనె రాత్రికి ఉంచుకోండి, అది ఒక్కటే ఎండను ఆపదు.

ఇప్పుడు ఖర్చు లెక్క చూడండి. పూతకు 2 గ్రాములనుకున్నా 50 గ్రాముల ట్యూబు 25 పూతలు. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి. యాసంగి వడ్లు పోసుకొని, సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో పొద్దంతా కాపలా ఉండే మనిషికి ట్యూబు వారం కూడా రాదు. మొత్తం ఒళ్లంతా ట్యూబు మీద వదిలెయ్యడం అయ్యే పని కాదు. క్రీము ముఖానికి, చేతుల వెనకకు, మిగతాదంతా బట్టకు.

బట్టల్లోనూ తేడా ఉంది. పలచటి తెల్ల కాటన్ చొక్కా చల్లగా ఉంటుంది గానీ కిరణాలను బాగానే లోపలికి వదులుతుంది, చెమటకు తడిస్తే ఇంకా ఎక్కువ. బట్టను ఎండకెదురుగా పట్టి చూడండి, వెలుతురు జల్లెడలోంచి రాలినట్టు కనిపిస్తే అది పనికిరాదు. ఒత్తుగా నేసిన ముదురు రంగు ఫుల్‌చేతుల చొక్కా మంచిది. తలకు చుట్టే రుమాలు రెండు పొరలుగా ఉండాలి, ఒక కొస మెడ వెనక్కి వేలాడాలి. పుట్టపాక తేలియా రుమాలు (నూనె పట్టించిన నూలుతో నేసేది) ఒకప్పుడు ఇందుకే వాడేవాళ్లు, ఇప్పుడు దాని ధరకు పది చేనేత తువ్వాళ్లొస్తాయి కాబట్టి ఒత్తు తువ్వాలు చాలు. క్రికెట్ టోపీ చెవులనూ మెడనూ వదిలేస్తుంది, చుట్టూ అంచున్నది కొనండి. గొడుగు నల్లటి ఒత్తు బట్టదైతే పైనుంచి పడేదాన్ని చాలావరకు ఆపుతుంది గానీ సిమెంటు కల్లం మీద నుంచి ఎగిరొచ్చే వెలుతురును ఆపలేదు. గొడుగు ఉందని ముఖానికి క్రీము మానకూడదు.

వడదెబ్బకూ ఈ పూతకూ సంబంధం లేదు. క్రీము పూసుకున్నంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. నీళ్లూ నీడా దేనిదారి దానిదే.

ఎండాకాలం పోగానే ట్యూబు పక్కన పడేయడం ఇంకో పొరపాటు. మన వైపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది మే 7-8 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 4-5 ప్రాంతంలో మరోసారి. వానాకాలం పత్తిచేనులో గాలి చల్లగా ఉన్నా పలచటి మబ్బుల గుండా అతినీలలోహిత కిరణాలు దిగుతూనే ఉంటాయి, వాటి వేడి ఒంటికి తెలియదు. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్నంతసేపు జాగ్రత్త అవసరం.

కొనే ముందు బీపీ గోళీల చిట్టీ తీసి చూడండి. హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన గోళీలు (టెల్మిసార్టాన్ పక్కన హెచ్ అని ఉండే రకం చాలామంది వాడుతున్నారు) ఎండకు చర్మం తొందరగా కమిలేలా చేస్తాయి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ గోళీ కూడా అంతే. గోళీ మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకు చెప్పండి. అలాంటివాళ్లకు సన్‌స్క్రీన్ సోకు కాదు, మందుల్లో భాగమే. నెల దాటినా మానని పుండు, గరుకుగా లేచి మళ్లీ మళ్లీ పొక్కు కట్టే మచ్చ, రంగో అంచో మారుతున్న పుట్టుమచ్చ ఉంటే క్రీముతో కాలయాపన చేయకుండా జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపించాలి.

ట్యూబు కొత్తదైతే ముంజేతి లోపలివైపు కొంచెం పూసి ఒకరోజు చూడండి. వాడే ట్యూబును బండి డిక్కీలోనో రేకుల షెడ్డులోనో ఉంచొద్దు. చాలా అట్టల మీద 30 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది, మే నెలలో మన రేకుల కింద అంతకంటే ఎంతో ఎక్కువ ఉంటుంది. ఇంట్లో నీళ్లకుండ దగ్గరి గూట్లో పెట్టండి. నొక్కితే ముందు నీళ్లు కారి తర్వాత గడ్డలు వస్తున్నాయంటే అది విడిపోయింది, తేదీ మిగిలున్నా పారేయాలి.