ఊపిరితిత్తుల మార్పిడి తర్వాత రిహాబ్: మేం వెళ్లిన సెంటర్ గురించి

మావారికి రెండు ఊపిరితిత్తులూ మార్చారు. డిశ్చార్జి అయ్యాక హైదరాబాద్‌లోనే ఇల్లు అద్దెకు తీసుకుని, దగ్గర్లో ఉన్న రిహాబ్ సెంటర్‌లో చేర్పించాను. ట్రెడ్‌మిల్, సైకిల్ ఎక్కడైనా ఉంటాయి. ఇక్కడ ప్రతి పనీ ఎందుకు చేయిస్తున్నారో కూర్చోబెట్టి చెబుతారు. నాకు బాగా నచ్చింది అదే.

చేరగానే ఫిజియో అమ్మాయి దగ్గమంది. "కఫమేం లేదమ్మా" అన్నారు మావారు. "ఉన్నా మీకు తెలియదు సార్, అందుకే దగ్గమంటున్నా" అంది. ఆపరేషన్‌లో ఊపిరితిత్తులకు వెళ్లే నరాలు తెగిపోతాయి, వాటిని మళ్లీ కలపరు. కుట్టు వేసిన చోటికి కింద కఫం చేరినా ఆ కబురు మెదడుకు సరిగా అందదు. ఊపిరి మాత్రం ఆగదు, డయాఫ్రంను (ఊపిరితిత్తుల కింద ఉండి ఊపిరి ఆడించే కండరాన్ని) కదిలించే నరం వేరే. అందుకని పొద్దున, సాయంత్రం పనిగట్టుకుని దగ్గాలి. రోజూ స్పైరోమీటర్ (ఊపిరి బలాన్ని కొలిచే పరికరం) ఊది అంకె రాసుకోవాలి. మామూలు అంకె కన్నా 10 శాతం తగ్గితే ఒంట్లో ఏమీ తెలియకపోయినా ట్రాన్స్‌ప్లాంట్ టీంకి ఫోన్ చేయాలి.

మావారు జువాలజీ లెక్చరర్‌గా రిటైరయ్యారు, అంతటితో ఊరుకోలేదు. "నరాలే తెగితే లోపల రక్తాన్ని సర్దేదెవరు?" అని అడిగారు. నాకూ అదే టెన్షన్. విశ్రాంతిగా ఉన్నప్పుడే గుండె నిమిషానికి 5 లీటర్ల దాకా రక్తాన్ని ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. నడిస్తే ఇంకా పెరుగుతుంది కదా!

అక్కడి పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టర్) కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఊపిరితిత్తిలో ఏ మూలన ఆక్సిజన్ తగ్గితే అక్కడి సన్నటి ధమనులు వాటంతటవే బిగుసుకుంటాయి. పొలంలో ఒక మడి తూము మూస్తే నీళ్లు పక్క మడికి పారినట్టు, రక్తం గాలి బాగా ఆడే చోటికి మళ్లుతుంది. ఆక్సిజన్ తగ్గిన సంగతి ధమని గోడలోని కండరమే పసిగడుతుంది, నరంతో పనిలేదు. ఈ సంగతిని స్వీడన్‌లో ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనే శాస్త్రవేత్తలు 1946లోనే పిల్లుల్లో చూపించారట. మార్చిన ఊపిరితిత్తుల్లోనూ ఈ గుణం నిలిచే ఉంటుందట. నడిచినప్పుడు పెరిగే రక్తానికి కూడా, అప్పటిదాకా మూసుకుని ఉన్న కేశనాళికలు (వెంట్రుకంత సన్నటి రక్తనాళాలు) ఆ ఒత్తిడికే తెరుచుకుంటాయన్నారు. ఆ బొమ్మ చూశాక మావారు ట్రెడ్‌మిల్ మీద బెదరడం మానేశారు. ఫీజంతా ఆ ఒక్క మాటకే ఇచ్చినా నాకు బాధ లేదు.

లోపాలూ ఉన్నాయి. వెయిటింగ్ హాలు ఇరుకు. ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడే మనిషిని దగ్గే వాళ్ల మధ్య కూర్చోబెట్టడం తప్పు, గట్టిగా అడిగితే తప్ప వేరే టైం ఇవ్వలేదు. లిఫ్ట్ తరచూ పనిచేయదు. చేతికిచ్చే కాగితాలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి, మా అత్తయ్య కోసం నేనే తెలుగులో రాసి గోడకు అంటించాను. ఇన్సూరెన్స్ నుంచి ఈ సెషన్లకు పైసా రాలేదు, ముందే కనుక్కోండి.

ట్రాన్స్‌ప్లాంట్ అయిన వాళ్లయితే పొద్దున మొదటి స్లాటే అడగండి. హాలు ఖాళీగా ఉంటుంది, ఫిజియోలు కూడా తీరిగ్గా మాట్లాడతారు.